దారి కాచే ఆటలు

శత్రువు ఏ దారిన వస్తాడో ముందే తెలుసు. ఎప్పుడు బయలుదేరతాడో తెలుసు. వెంట ఎవరెవరు వస్తారో కూడా చాలాసార్లు తెలుసు. అయినా ఓడిపోతాం. టవర్ డిఫెన్స్ అనే వీడియో గేమ్‌ల పట్టు అంతా ఇక్కడే ఉంది. ఒక దారి ఉంటుంది. దాని ఒక కొసన శత్రువులు విడతలు విడతలుగా పుట్టుకొస్తారు. ఒక్కో విడతను ఆడేవాళ్లు వేవ్ అంటారు. రెండో కొసన మన కోటో, ఇల్లో, తోటో. చేతిలో ఉన్న కాసిని డబ్బులతో దారి పక్కన టవర్లు కట్టుకోవాలి, అవి గురిచూసి వాటంతటవే కొడతాయి. చచ్చిన శత్రువు కొంత డబ్బు వదిలిపోతాడు, దాటిపోయినవాడు మన ప్రాణాల్లో ఒకదాన్ని పట్టుకుపోతాడు. ఇంత తేలిక నియమాలున్న ఆటల గురించి రాసేటప్పుడు కొత్తవాళ్లకు ఇవి, ఆరితేరినవాళ్లకు అవి అని రెండు జాబితాలు వేయడం రివాజు. ఆ విభజన ఈ తరహాకు నప్పదని నా వాదన. ఇందులో నిజంగా గొప్ప ఆటలు కొత్తవాళ్ల చేతిలోనూ పాతకాపుల చేతిలోనూ ఒకే నియమాలను పెడతాయి. కొత్తవాళ్లకు ఇచ్చిన వెసులుబాట్లను పాతకాపుల దగ్గర ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటాయి, అంతే తేడా. ఏది మంచి ఆట అని తేల్చుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద నాకు కనిపించలేదు.

ఈ ఆలోచన కంప్యూటర్లకన్నా పాతది. అరుగుల మీద, రాతి పలకల మీద గీతలు గీసి మన పల్లెల్లో ఆడే పులి-మేక ఆటలో పులులు 3, మేకలు 15. మేకకు పులిని చంపే హక్కు లేదు. సరైన కూడళ్లలో నిలబడి, పులికి కదిలే చోటు లేకుండా చేయడమే దాని గెలుపు. టవర్ డిఫెన్స్ ఆడేవాళ్లు ఎప్పుడూ మేకల పక్షమే. తెరమీద ఈ తరహాకు తొలి రూపంగా ఎక్కువమంది చెప్పేది 1990లో అటారీ గేమ్స్ తెచ్చిన ఆర్కేడ్ ఆట ర్యాంపార్ట్. కోట చుట్టూ గోడ కట్టడం, ఓడల మీద ఫిరంగులు పేల్చడం, గడువు ముగిసేలోగా పగిలిన గోడ పూడ్చుకోవడం, మళ్లీ యుద్ధం. ఆ తర్వాత దీన్ని పెంచింది పెద్ద కంపెనీలు కాదు, ఆటగాళ్లే. 1998 నాటి స్టార్‌క్రాఫ్ట్‌తోనూ, 2002 నాటి వార్‌క్రాఫ్ట్ 3తోనూ వచ్చిన మ్యాప్ ఎడిటర్లను పట్టుకుని వాళ్లు సొంత మ్యాపులు తయారుచేసి పంచుకున్నారు. సైన్యాలు నడిపే ఆటలోంచి సైన్యాన్ని తీసేసి, కాపలాను మాత్రం ఉంచుకున్నారు. 2007లో ఫ్లాష్ ఆటలుగా బ్రౌజర్‌లోకి వచ్చాక అది అందరి చేతికీ అందింది.

ఆ ఏడాది వచ్చిన వాటిలో పాల్ ప్రీస్ చేసిన డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్‌ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఈ తరహాలోని మొదటి పెద్ద విద్య అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. అక్కడ గీసిపెట్టిన దారి లేదు. ఖాళీ మైదానం, ఇటు నుంచి అటు దాటే శత్రువులు. మనం కట్టే టవర్లే గోడలవుతాయి, వాటి మధ్య మిగిలిన సందులే దారి. పూర్తిగా మూసేయడానికి ఆట ఒప్పుకోదు, ఎక్కడో ఒక సందు ఉండాల్సిందే. దాంతో ఆట అర్థమే మారిపోతుంది. ఎంత గట్టి టవర్ కొన్నామన్నది వెనక్కి పోయి, శత్రువును ఎంత దూరం నడిపించామన్నది ముందుకొస్తుంది. చవక టవర్లు వరసగా పేర్చి పాములా మెలికలు తిరిగే దారి చేస్తే, ఒకే టవర్ ఒకే శత్రువును పోతున్నప్పుడు ఒకసారి, మలుపు తిరిగి వస్తున్నప్పుడు ఇంకోసారి కొడుతుంది. డబ్బు పెరగలేదు, దెబ్బలు రెట్టింపయ్యాయి. ఇంకా లోతుకు వెళ్లినవాళ్లు గుంపు చివరిదాకా వచ్చాక అక్కడి టవర్ అమ్మేసి వేరేచోట సందు మూసేస్తారు. గుంపంతా దారి మళ్లి మొదటికి నడుస్తుంది. ఈ మెలికలన్నిటినీ లెక్కచేయకుండా పైనుంచి ఎగిరిపోయే శత్రువులు కూడా ఉంటారు కాబట్టి, ఒక్క ఉపాయాన్నే నమ్ముకున్నవాళ్లకు శాస్తి జరుగుతుంది. 2020 చివర అడోబ్ ఫ్లాష్‌కు మద్దతు ఆపేయడంతో ఇలాంటి ఆటలు మామూలు బ్రౌజర్లలో నడవకుండా పోయాయి. ఈ తరహాకు అది పెద్ద దెబ్బ. చరిత్రలో సగం అక్కడే పుట్టింది మరి.

మొదటిసారి ఆడేవాళ్లకు ఏది ఇవ్వాలి అంటే, ఇప్పటికీ నా జవాబు 2009లో పాప్‌క్యాప్ విడుదల చేసిన ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్. దాని రూపకర్త జార్జ్ ఫ్యాన్ 2012 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో చేసిన ప్రసంగం, ఆటలంటే అలవాటు లేని తన తల్లి చేత ఈ ఆటను చివరిదాకా ఎలా ఆడించగలిగాడన్న దాని గురించే. ఆట తెరిచి చూస్తే ఆ శ్రద్ధ అడుగడుగునా తెలుస్తుంది. మొదటి లెవెల్‌లో పచ్చిక ఒక్క వరసే, చేతిలో బఠాణీ గింజలు ఉమ్మే ఒక్క మొక్కే. తర్వాత మూడు వరసలు, ఆపైన అయిదు. ఒక్క పేజీ కూడా పాఠం చదివించకుండానే నియమాలు వంటబడతాయి. దీని అసలు పాఠం పొద్దుతిరుగుడు మొక్క ధరలో ఉంది. ఈ ఆటలో డబ్బు ఎండే; దానికి 50 ఎండ, బఠాణీ మొక్కకు 100. పొద్దుతిరుగుడు ఎవరినీ కొట్టదు, ఇంకాస్త ఎండ పుట్టిస్తుంది, అంతే. ఇవ్వాళ కాపలా పెట్టుకోవాలా, రేపటి రాబడి నాటుకోవాలా అన్న ప్రశ్న మొదటి పది నిమిషాల్లోనే ఎదురవుతుంది. రాబడివైపు మొగ్గమని ధరే మెల్లగా చెబుతుంది. మామూలు జాంబీ పది గింజలకు కూలిపోతే, నెత్తిన బకెట్ పెట్టుకొచ్చినవాడికి 65 కావాలి. ఆ తేడా చెప్పడానికి అంకెలు అక్కర్లేదు, బకెట్ చూస్తేనే తెలుస్తుంది. ప్రతి వరస చివరా గడ్డి కోసే యంత్రం ఒకటి కాచుకుని ఉంటుంది, మొదటి తప్పును అది క్షమిస్తుంది. అదే వరసలో రెండోసారి తప్పితే ఇల్లు పోయినట్టే. కొత్తవాళ్లకు ఇచ్చే వెసులుబాటు ఇంత స్పష్టంగా, ఇంత పొదుపుగా ఉండాలి.

రెండో మెట్టు కింగ్‌డమ్ రష్. ఉరుగ్వేలోని ఐరన్‌హైడ్ అనే చిన్న సంస్థ 2011లో దీన్ని తెచ్చింది. డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్ ఇచ్చిన స్వేచ్ఛను ఇది పూర్తిగా లాగేసుకుంటుంది. టవర్ ఎక్కడ పడితే అక్కడ కట్టడానికి లేదు, దారి పక్కన గుర్తుపెట్టిన స్థలాల్లోనే కట్టాలి. రకాలు కూడా నాలుగే: విలుకాళ్లు, సైనికుల బారక్, మాంత్రికుడు, ఫిరంగి. ఇది ఆటను చిన్నది చేసిందని అనుకునేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఈ తరహా మొత్తంలో ఇదే అందమైన నిర్ణయం అనిపిస్తుంది. కారణం బారక్. అందులోంచి ముగ్గురు సైనికులు దిగి దారి మీద నిలబడతారు. ఒక్కొక్కరు ఒక్కో శత్రువును ఆపి కత్తి దూస్తారు. వాళ్లు చంపేది తక్కువ, చచ్చేది ఎక్కువ. అయినా వాళ్లు ఆపి ఉంచిన ఆ కొద్ది క్షణాల్లో వెనకనున్న గుంపు ఒకచోట పోగవుతుంది. ఆ పోగు మీద ఫిరంగి గుండు పడితే ఒక్క దెబ్బకు పదిమంది దెబ్బతింటారు. బారక్ లేకపోతే అదే గుండు ఖాళీ దారి మీద పడుతుంది. బారక్ ధర 70, ఫిరంగి ధర 125, కానీ ఆ 125కు విలువ తెచ్చేది ఈ 70. ఇనుప కవచం తొడిగినవాడి మీద బాణాలు అంతగా పనిచేయవు, మంత్రం పనిచేస్తుంది. ఎగిరేవాళ్లను సైనికులు ఆపలేరు, ఫిరంగి కొట్టలేదు. ఏ టవర్‌కూ సొంతంగా విలువ లేదు, పక్కన ఏముందన్న దాన్నిబట్టే విలువ. ఈ ఒక్క సంగతి ఒంటబట్టినవాళ్లు ఇక ఏ టవర్ డిఫెన్స్ ఆటలోకైనా ధైర్యంగా అడుగుపెట్టవచ్చు.

ఇదే ఆటలో ఆరితేరినవాళ్ల కోసం ఏముందో చూడండి. తర్వాతి వేవ్ వచ్చే సమయం కాకముందే దాన్ని పిలవవచ్చు, ఎంత ముందు పిలిస్తే అంత అదనపు బంగారం. ఊపిరి తీసుకునే వ్యవధిని అమ్ముకుని డబ్బు చేసుకోవడమన్నమాట. ప్రాణాలు 20, కానీ 18 మిగిలితేనే మూడు నక్షత్రాలు. ఒక మ్యాప్ గెలిచాక అదే మ్యాప్‌ను కొన్ని టవర్లు వాడకుండా గెలవమంటుంది. కొత్త నియమం ఒక్కటీ చేర్చలేదు.

ఈ పద్ధతిని చివరికంటా తీసుకెళ్లినది బ్లూన్స్ టీడీ 6. న్యూజిలాండ్‌కు చెందిన నింజా కివీ 2007లో మొదలుపెట్టిన వరసలో ఇది 2018లో వచ్చింది. కోతులు బాణాలు విసిరి బుడగలు పగలగొడతాయి. పసిపిల్లల ఆటలా కనిపిస్తుంది, పసిపిల్లలు ఆడుకోగలరు కూడా. మంకీ మెడో అనే మొదటి మ్యాప్‌లో ఈజీ స్థాయిలో 200 ప్రాణాలు, 40 రౌండ్లు. ఎక్కడ ఏ కోతిని పెట్టినా దాదాపు గట్టెక్కిపోతారు. అయితే ఆ రంగుల వెనక లెక్క కచ్చితమైనది. ఎర్రబుడగ ఒక్క దెబ్బకు పోతుంది. నల్లదాని మీద పేలుళ్లు పనిచేయవు, సీసపు బుడగ మీద మొనదేలిన బాణం పనిచేయదు, కామో బుడగ చాలా కోతుల కంటికే ఆనదు. 24వ రౌండ్‌లో మొదటి కామో, 28లో మొదటి సీసం, 40లో 200 దెబ్బలు ఓర్చుకుని పగిలాక నాలుగు సెరామిక్ బుడగలను వదిలే మోయబ్ అనే ఓడ. మామూలు ఆటలన్నిటిలోనూ ఇదే వరస, మారదు. ప్రతి కోతికీ మూడు దారుల్లో అప్‌గ్రేడ్లు ఉంటాయి. ఒక దారిలో అయిదు మెట్లదాకా ఎక్కవచ్చు, ఇంకోదానిలో రెండు మెట్లే, మూడోది మూసుకుపోతుంది. అంటే ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి.

ఇక చింప్స్ అనే స్థాయికి వద్దాం. ఒక్క ప్రాణం, మొదట్లో చేతికి 650. అరటితోటలు వేసి డబ్బు సంపాదించడం నిషేధం, పెట్టిన కోతిని అమ్మడం నిషేధం, కొనితెచ్చుకున్న శక్తులు నిషేధం, ఓడితే అక్కడినుంచి కొనసాగించడం నిషేధం. పగిలిన బుడగలు, ముగిసిన రౌండ్లు ఇచ్చే డబ్బే డబ్బు. రౌండ్లు ఎప్పుడూ ఒకటే కాబట్టి, ఏ రౌండ్‌దాకా ఎంత డబ్బు వస్తుందన్నది ఎవరికైనా ఒకటే. ఎవరికీ ఎక్కువ రాదు, తక్కువ రాదు. మిగిలింది ఒకే ప్రశ్న: దేని మీద, ఏ క్షణంలో ఖర్చుపెట్టాలి? 63వ రౌండ్‌లో సీసపు, సెరామిక్ బుడగలు దట్టంగా వచ్చిపడతాయి. దానికి కావలసినది 62లో కొంటే ఆలస్యం, 50లోనే కొంటే మధ్యలో వచ్చే ఓడలకు డబ్బు చాలదు. 100వ రౌండ్‌లో 20,000 దెబ్బలు తట్టుకునే బ్యాడ్ అనే మహా ఓడ. ఈ స్థాయిలో గెలిచినవాళ్ల దగ్గర వేళ్ల వేగం ఏమీ ఉండదు. పిల్లలు ఆడే ఆ బుడగలే, ఆ కోతులే. క్షమాపణ ఒక్కటే లేదు.

కంప్యూటర్ మీద ఆడేవాళ్లు 2008 నాటి డిఫెన్స్ గ్రిడ్‌ను వదలకూడదు. శత్రువులు 24 శక్తి గోళాలను ఎత్తుకుపోవడానికి వస్తారు. లోపలికి రావడమే కాదు, దొంగసొత్తుతో బయటపడాలి కూడా, కాబట్టి తిరుగుదారిని కూడా కాయాలి. ఖర్చుపెట్టని డబ్బుకు వడ్డీ పెరుగుతుంది. తప్పు చేస్తే కొంత వెనక్కి జరిగి అక్కడినుంచే మళ్లీ ఆడవచ్చు. నేర్చుకునేవాళ్లకు ఈ చివరి సదుపాయం వరం, ఎందుకంటే ఏ నిర్ణయం కొంప ముంచిందో పట్టుకోవచ్చు.

ఇన్ని చెప్పినా ఒక అభ్యంతరం నిలబడుతుంది: టవర్లు వాటంతటవే కొడుతుంటే మనిషి చూస్తూ కూర్చుంటాడు, ఇదేం ఆట? తుపాకీ ఆటలు ఆడేవాళ్ల దగ్గర ఈ మాట తరచు వినిపిస్తుంది, అందులో కొంత నిజం ఉంది కూడా. నాసిరకం టవర్ డిఫెన్స్‌లో, ముఖ్యంగా పదో వేవ్‌కే గెలుపు ఖాయమైపోయి మిగతా ముప్పై వేవ్‌లు ఊరకే నడిచే ఆటల్లో, చూస్తూ కూర్చోవడమే మిగులుతుంది. కానీ మంచి ఆటలో ఆ చూడటం వృథా కాదు. తుపాకీ ఆటలో ఓడితే చెయ్యి ఆలస్యమైందో, ఎదుటివాడు మెరుగో, నెట్ సిగ్నల్ పోయిందో తేలదు. ఇక్కడ ఎగిరే శత్రువు ఏ మలుపు దగ్గర, ఎవరి గురికీ అందకుండా దాటిపోయాడో కళ్లముందే కనిపిస్తుంది. కారణం దొరికిన ఓటమి మళ్లీ ఆడాలనిపిస్తుంది. వయసు మళ్లినవాళ్లు, చేతులు చురుగ్గా ఆడనివాళ్లు కూడా ఇందులో యువకులతో సమానంగా నిలబడగలరు. ఆ సమానత్వం చాలా ఆటల్లో దొరకదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బలమైనది. రౌండ్లు మారకపోతే సరైన జవాబు కూడా మారదు కదా, ఎవరో వీడియోలో చూపించిన చోట్లలో అవే కోతులను పెడితే సరిపోదా? చాలావరకు సరిపోతుంది. నేనైతే దాన్ని దోషమనుకోను. చదరంగంలో కూడా మొదటి ఎత్తులు పుస్తకాల్లో ఉన్నాయి. చూసి పెట్టినవాళ్లకు ఆ ఒక్క మ్యాప్ దక్కుతుంది, తర్వాతి మ్యాప్‌లో దారి మెలిక మారగానే ఆ జవాబు చెల్లదు. ఎందుకు అక్కడే పెట్టారో కనుక్కున్నవాళ్లు మాత్రం ఎక్కడైనా నెగ్గుకొస్తారు. గైడ్ చూడటం తప్పు కాదు, కాకపోతే ఒకసారి ఓడాక చూడటం మేలు. ప్రశ్న ఏమిటో అప్పటికి తెలిసి ఉంటుంది.

అసలు బెడద డబ్బుతో వచ్చింది. 2013లో వచ్చిన ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ 2 ఉచితం, కానీ కొన్ని మొక్కలను నిజమైన డబ్బుకే అమ్మింది. 2019లో చైనాలో మొదలైన ఆర్క్‌నైట్స్ వ్యూహపరంగా చాలా తెలివైన ఆట, నిలబెట్టిన మనిషి ఏ దిక్కు చూస్తున్నాడన్నది కూడా లెక్కలోకి వచ్చేంత సూక్ష్మమైనది. అయితే ఆ మనుషులు లాటరీ పద్ధతిలో దొరుకుతారు. ఓడినప్పుడు ఆలోచించడానికి బదులు కొనుక్కోవచ్చన్న దారి కనిపించగానే, ఓటమికి కారణం వెతికే అలవాటు చెడుతుంది. అందుకే ఫోన్‌లో ఏ కొత్త టవర్ డిఫెన్స్ దించుకున్నా ఒక పరీక్ష పెట్టమంటాను: ఇందులో పైసా ఖర్చుపెట్టినా పనికిరాని స్థాయి ఏదైనా ఉందా? బ్లూన్స్ టీడీ 6 కూడా శక్తులు అమ్ముతుంది, కానీ చింప్స్ వాకిట్లో వాటిని బయటే వదిలిరమ్మంటుంది. ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ ముగించి, కింగ్‌డమ్ రష్‌లో బారక్ విలువ తెలుసుకున్నవాళ్లు మంకీ మెడోలో ముందరి స్థాయిలు గెలిచి చింప్స్ మొదలుపెట్టవచ్చు. 24వ రౌండ్‌కు ముందే కామోను చూడగలిగే కోతి, 28కి ముందే సీసాన్ని పగలగొట్టగలిగేది ఒకటి చేతిలో ఉండేలా లెక్క వేసుకుంటే, మొదటి ప్రయత్నంలోనే 40 దాకా వెళ్లవచ్చు.