మాండొలిన్‌కు ఓవర్‌డ్రైవ్: ఏ సర్క్యూట్ కట్టుకోవాలి?

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం పలికించబోయినప్పుడు అడ్డం వచ్చింది రాగం కాదు, వాద్యం. మామూలు మాండొలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే ఖంగున మోగి, అంతలోనే ఆరిపోతుంది. జంట తీగల్ని ఒక్కటిగా లాగి గమకం పట్టడం కష్టం. పట్టినా, స్వరం ఊగి తన చోటికి చేరేలోపు నాదం సన్నగిల్లుతుంది. ఆయన చేతిలో కచేరీ మాండొలిన్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మారింది. గట్టి చెక్క దిమ్మ తీగ కదలికను బోలు పెట్టెలా తొందరగా తాగేయదు. సన్నటి కంపనాన్ని కూడా పికప్ పట్టుకుంటుంది. ఆయన నాదం తేటగా ఉండేది, ఓవర్‌డ్రైవ్ నాదం కాదు. అయినా గోదావరి జిల్లాల్లో ఎలక్ట్రిక్ మాండొలిన్, గిటార్ మీద గమకాలు పలికించేవాళ్లు ట్యూబు ధ్వనినిచ్చే పెడల్‌ను సొంతంగా కట్టుకోవాలనుకుంటే ఈ చిక్కు దగ్గరే మొదలుపెట్టాలని నా వాదన. ఆరిపోతున్న స్వరాన్ని పెడల్ ఎలా మోస్తుందో ముందు చూడాలి. లోపల ట్యూబు ఉందా, డబ్బా మీద ట్యూబు పేరుందా అన్నవి తర్వాతి మాటలు.

ఓవర్‌డ్రైవ్ చేసే పని సిగ్నల్ శిఖరాలను ఒక హద్దు దగ్గర అదమడం. గట్టిగా మీటినప్పుడు ఎక్కువ అదుముతుంది, నాదం తగ్గేకొద్దీ వదిలేస్తుంది. కాబట్టి తీగ కదలిక సగానికి పడిపోయినా బయటికొచ్చే ధ్వని అంతగా పడిపోదు. ఊపుతూ పలకాల్సిన గాంధారానికో నిషాదానికో ఆ కాస్త గడువు చాలు. అదిమినప్పుడు కొత్త అనుస్వరాలు కూడా పుడతాయి. రెండు పక్కలా సమానంగా అదిమితే బేసి సంఖ్యవే వస్తాయి: షడ్జం మీటితే మూడోది పై స్థాయి పంచమం, ఐదోది రెండు స్థాయిల పైన అంతర గాంధారం. ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ అదిమితే రెండోది, నాలుగోది కూడా చేరతాయి. అవి పై స్థాయిల షడ్జాలే. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగిన వాల్వునే గిటార్ వాళ్లు ట్యూబంటారు. 12ఏఎక్స్7 లాంటి వాల్వు కొద్దిగా శ్రమ పడినప్పుడు పుట్టించేది ఎక్కువగా ఆ రెండో అనుస్వరాన్నే. హద్దు దగ్గర కూడా కత్తిరించినట్టు ఆగిపోదు, మెల్లగా వంగుతుంది. మెత్తగా మీటితే తేట, గట్టిగా మీటితే గరుకు, మధ్యలో మెట్టు తెలియదు. ట్యూబు ధ్వని అని మెచ్చుకునేదాంట్లో చాలా భాగం ఈ వంపే.

శాస్త్రీయ సంగీతంలో నాదాన్ని చెడగొట్టడమేమిటని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. అయితే తంబురా గుర్రం మీద తీగ కింద దూర్చే దారం చేసే పని ఏమిటి? తీగ గుర్రాన్ని రాసుకునేలా చేసి, అనుస్వరాలను రేపి, నాదానికి జీవ తెస్తుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో ఎవరూ మీటని అంతర గాంధారం వినిపిస్తే విద్వాంసులు దాన్ని స్వయంభూ గాంధారమని మెచ్చుకున్నారే గాని తప్పు పట్టలేదు. పెడల్ పుట్టించే ఐదో అనుస్వరం ఆ గాంధారమే. కాబట్టి అనుస్వరాలు చేరడం అపచారం కాదు, మోతాదు మీరడమే ప్రమాదం. 1970ల మొదట్లో మహావిష్ణు ఆర్కెస్ట్రాలో గిటార్‌ను గర్జింపజేసిన జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా, తర్వాత రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ పక్కన కూర్చున్నప్పుడు తేట నాదానికే వచ్చారు.

మన సంగీతానికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రెండు స్వరాలు ఒకేసారి ఓవర్‌డ్రైవ్‌లోకి వెళ్తే వాటి తేడాకు సమానమైన మూడో స్వరం పుడుతుంది. షడ్జం 240 హెర్ట్జ్, పంచమం 360 అయితే తేడా 120, అంటే కింది షడ్జం, చెవికి హాయి. రాక్ గిటారిస్టులు గట్టి డిస్టార్షన్‌లో షడ్జ పంచమాల జంటనే ఎక్కువగా పట్టుకోవడానికి కారణం ఇదే. అదే మెట్ల వాద్యం మీద అంతర గాంధారం శుద్ధమైన 300 దగ్గర కాక దాదాపు 302.4 దగ్గర పలుకుతుంది. షడ్జంతో తేడా 62.4. శ్రుతిలో ఉండాల్సింది 60. ఆ అపశ్రుతి అడుగున బురదలా పేరుకుంటుంది. ఒంటి తీగ మీద ఒక్కో స్వరంగా సాగే రాగాలాపనకు ఈ బెడద లేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాలో కార్డులు పట్టే గిటారిస్టుకు ఉంది. అతను గెయిన్ ఇంకా తగ్గించుకోవాలి.

మరి నిజమైన ట్యూబునే పెట్టేస్తే పోలేదా? 12ఏఎక్స్7 ఫిలమెంటు వెలగడానికే 6.3 వోల్టుల దగ్గర 300 మిల్లీ ఆంపియర్లు కావాలి. 9 వోల్టుల చిన్న బ్యాటరీ దాన్ని మోయలేదు. ఆంప్లిఫయర్లలో ఆ ట్యూబుకు వందకు పైగా వోల్టులిస్తారు. కొత్తగా సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్లు చేయి పెట్టాల్సిన చోటు కాదది. తక్కువ వోల్టులతో ఆకలికి మాడ్చిన ట్యూబు ధ్వని వేరు, దాన్ని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. పైగా ట్యూబు ఆంప్లిఫయర్ ధ్వనిలో చివరి దశ, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ల వాటా పెద్దది, అవేవీ పెడల్‌లోకి రావు. ట్యూబు స్థానంలో జేఫెట్ పెట్టి ఆంప్లిఫయర్ దశలను అనుకరించే సర్క్యూట్లు వినడానికి నిజంగా బాగుంటాయి. కానీ ఒకే నంబరు జేఫెట్లు రెండు ఒకలా ఉండవు. ప్రతిదానికీ ట్రిమ్మర్ తిప్పి డ్రెయిన్ దగ్గర దాదాపు నాలుగున్నర వోల్టులు తెచ్చుకోవాలి. జనం ఎక్కువగా అడిగే జే201 పాత కాళ్ల రకం ఇప్పుడు అసలుది దొరకడమే కష్టం. రెండో పెడల్‌గా కట్టుకోండి, మొదటిదిగా వద్దు.

నా ఓటు 1977లో వచ్చిన బాస్ ఓడీ-1కీ, ఆ వెంటనే జపాన్‌లోనే సుసుము తమురా రూపొందించిన ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్‌కూ మూలమైన పద్ధతికి. పేరులో తప్ప ట్యూబు లేదు. ఉన్నది ఆప్ ఆంప్, దాని ఫీడ్‌బ్యాక్ దారిలో డయోడ్లు. ఈ అమరికలో అదిమిన సిగ్నల్‌తోపాటు మీటిన సిగ్నల్ కూడా చెక్కుచెదరకుండా కలిసి బయటికొస్తుంది, అందుకే వేలి స్పర్శ చావదు. సిగ్నల్‌ను డయోడ్లతో నేరుగా గ్రౌండుకు కొట్టేసే డిస్టార్షన్ పెడళ్లకు ఆ గుణం లేదు. డయోడ్లు ఓడీ-1లో లాగా ఒక పక్క రెండు, మరో పక్క ఒకటి పెడితే ట్యూబు తరహా షడ్జ అనుస్వరాలూ వస్తాయి. రూపాయల్లో దొరికే 1ఎన్4148 చాలు. మార్చాల్సినవి ఇంకో రెండున్నాయి. ట్యూబ్ స్క్రీమర్‌లో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రో ఫారడ్ కండెన్సర్ కలిసి 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ను తగ్గించేస్తాయి. రాక్ గిటార్‌కు అది మంచిదే. మంద్రస్థాయి ఆలాపన మాత్రం పలచబడుతుంది. కండెన్సర్‌ను 0.1 చేస్తే ఆ హద్దు 340 దగ్గరికి దిగుతుంది. అలాగే 51 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వల్ల డ్రైవ్ పూర్తిగా తగ్గించినా గెయిన్ 12 రెట్లుంటుంది. దాన్ని 10 కిలో ఓమ్‌లు చేస్తే మూడు రెట్లకు వస్తుంది. మన మోతాదు అక్కడుంది.

పెడల్ తర్వాత ఏముందన్న ప్రశ్న ఇక్కడి వాళ్లకు మరీ ముఖ్యం. ఈ సర్క్యూట్లన్నీ గిటార్ ఆంప్లిఫయర్‌ను ఊహించుకుని పుట్టినవి. దాని 12 అంగుళాల స్పీకర్ 5 కిలో హెర్ట్జ్ దాటాక గబగబా చేతులెత్తేస్తుంది, గరుకు అక్కడే ఆగిపోతుంది. కోనసీమ తీర్థంలోనో రాజమండ్రి వేదిక మీదో వాద్యం వెళ్లేది మిక్సర్‌కు, అక్కడినుంచి మైకుసెట్టు ట్వీటర్లకు. అవి ఏదీ దాచవు, ప్రతి అనుస్వరాన్నీ కందిరీగలా జనం మీదికి వదులుతాయి. పెడల్ చివర 3.3 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రో ఫారడ్ వేస్తే 4.8 కిలో హెర్ట్జ్ దగ్గర వడపోత మొదలవుతుంది. ఒకటి చాలకపోతే వెనకాల మరొకటి. మైకుసెట్టులో విని మంచి పెడళ్లను కూడా పనికిరావని పక్కన పడేసేవాళ్లకు, చాలాసార్లు కరువైంది ఈ రెండు మూడు రూపాయల సామానే.

చవగ్గా తయారు పెడళ్లు దొరుకుతుంటే ఈ శ్రమ దేనికనడం సబబైన ప్రశ్నే. రాక్ వాయించేవాళ్లు కొనుక్కోవచ్చు. గమకం కోసమైతే పైన చెప్పిన మార్పులన్నీ తయారు పెడళ్లలో సాధారణంగా ఉండవు, చిన్న చిన్న సర్ఫేస్ మౌంట్ బోర్డుల మీద మనం చేయడమూ తేలిక కాదు. జీరో పీసీబీ మీద కట్టుకుంటే తేలికే. పాత జేఆర్‌సీ 4558 చిప్పే కావాలని అధిక ధర పెట్టనక్కర్లేదు. చిప్పు మార్చితే వచ్చే తేడా కండెన్సర్ మార్చితే వచ్చేదాని ముందు స్వల్పం. ఆ 0.1 కండెన్సర్‌ను మాత్రం అతికించేయకుండా సాకెట్‌లో పెట్టి, అసలు వాయించబోయే సెట్టు మీదే 0.047, 0.1, 0.22 మార్చి చూడాలి. మోహనంలో వాయిస్తే తేడా అంతగా బయటపడదు. తోడి గాంధారాన్ని ఆరిపోయేదాకా ఊపితే తెలుస్తుంది.