శాంతము – నెమ్మది

శాంతశబ్దమునకు నెమ్మది యనియు, నెమ్మదికి శాంతమనియుఁ బాఠశాలలలోఁ బ్రతిపదార్థము చెప్పుట పరిపాటి. ఈ రెండును వాడుకలోఁ గొంతదూరము కలసి నడచుట నిజమే. కోపము విషయమున నేది వాడినను జెల్లును. అయిన నొకదాని తావున నొకటి నిలిపినచోఁ గొన్నియెడల నర్థము చెడును.

శమధాతువునకు ఉపశమము, అనఁగా నడఁగుట, యర్థము. అడఁగుటకు ముందు చలనమో తాపమో యుండితీరవలయును. శాంతమైన యగ్ని యనఁగా నాఱిపోయిన యగ్నియే కాని మెల్లఁగా మండు నగ్ని కాదు. నాటకములలోఁ గూడనిమాట విన్న పాత్రము “శాంతం పాపమ్” అని పలుకుట యిందులకుఁ జక్కని సాక్ష్యము. అచ్చటఁ బాపము నెమ్మదిగా నుండుఁగాక యని టీక వ్రాయువాఁ డుండఁడు. మఱియుఁ బాణిని ణిజంతమగు నీ ధాతువునకు శమితమనియు శాంతమనియు రెండు రూపములు సాధించెను. కావునఁ దనంతటఁ దా నడఁగినదియు, నొరులచే నడఁపఁబడినదియు శాంతమే. గ్రహశాంతి యనుచో నీ రెండవ యర్థము స్ఫుటము.

నెమ్మది మాట వేఱు. కన్నడమున నెమ్మది యనియు, నరవమున నిమ్మది యనియుఁ గలదు. అచ్చటను మనస్సుయొక్క కుదురే ప్రధానము. తెలుఁగున నిది నడకకును రోగమునకును గూడ వ్యాపించినది. రోగము నెమ్మదించె నన్నఁ దగ్గుముఖము పట్టెనని భావము. శాంతించె నన్న మిగులలేదని. నెమ్మది తరతమభావమును సహించును, శాంతి సమాప్తిని గోరును.

ఈ భేదము రసవిచారమున మిక్కిలి యక్కఱకు వచ్చును. అమరసింహుఁడు తృతీయకాండమున శమథ శమ శాంతిశబ్దములను బర్యాయములుగాఁ జదివియు, నాట్యవర్గమున రసముల నెనిమిదింటినే లెక్కించెను. ఉద్భటుఁడు శాంతముతోఁ దొమ్మిదింటిని గ్రహించెను. ధనంజయుఁడు శమమునకు నాట్యమునఁ బుష్టి లేదని త్రోసెను. అభినవగుప్తుఁడు దానినే ప్రతిష్ఠించెను. సర్వవ్యాపారములు నడఁగుటయే శమమైనచో నటుఁ డేమి యభినయించు నన్నదే నిషేధపక్షమునకు బలము. శాంతమనఁగా నెమ్మదియే యనుకొన్న విద్యార్థికి నీ వాదమే పుట్టదు. నెమ్మదిగలవాఁడు మాటాడును, నడచును, నవ్వును. వాని నభినయించుట కేమి కష్టము?

అయినను ధీరశాంతనాయకుని సంగతి విచారింపవలసియున్నది. శాంతరసమును నాటకమునఁ ద్రోసిన ధనంజయుఁడే యీ నాయకుని జెప్పెను. చారుదత్త మాధవు లిట్టివారు. ఇరువురును బ్రణయులే కాని విరక్తులు కారు. అచ్చటి శాంతశబ్దమునకు నెమ్మది యన్న టీక తప్పుకాదు.