ఎవరి చేతి కానుక?

పోయినేడాది మా పెళ్లిరోజుకి నా సహచరుడు నాకొక తువ్వాల నేసిచ్చాడు. వాళ్లది సిరిసిల్ల. బ్యాంకు ఉద్యోగంలో పడ్డాక మగ్గం ముట్టింది లేదు గానీ, చిన్నప్పుడు తాత దగ్గర నేర్చిన పని చేతులు మరిచిపోలేదు. పెదనాన్న ఇంట్లో మిగిలిన గుంటమగ్గం మీద రెండు ఆదివారాలు కూర్చుని నేశాడు. తెల్ల నూలు, ఎర్రంచు. నేత అక్కడక్కడా వదులుగా ఉంది.

చూసిన స్నేహితురాళ్లందరూ ‘ఎంత ప్రేమ!’ అన్నారు. నేనూ మురిసిపోయాను. ఆ మురిపెం అబద్ధం కాదు. కానీ ఆ రాత్రి తువ్వాల మడత పెడుతుంటే, కోరుట్లలో మా అమ్మ కుట్టిన మెత్త గలేబులు గుర్తొచ్చాయి. రెండు చిలకలు, మధ్యలో పువ్వు, కింద బాపు పేరు మొదటి అక్షరం. వాటిని చూసి ‘ఎంత ప్రేమ’ అన్నవాళ్లు నాకు గుర్తు లేరు. ‘మంచి పనిమంతురాలు’ అన్నారు, అంతే.

మగవాడు చేస్తే ప్రేమ, ఆడది చేస్తే పనితనం. ఈ తేడా ఎక్కడ మొదలైంది? సాహిత్య విద్యార్థిని కనుక నేను పుస్తకాల వైపే చూశాను.

గాథాసప్తశతిలో ఒక వేటగాడి కుటుంబం ఉంది. సవతులంతా ఏనుగు కుంభస్థలపు ముత్యాలు పెట్టుకున్నవాళ్లు. కొత్తగా వచ్చిన చిన్న భార్యకున్నది చెవికి ఒక నెమలి ఈక మాత్రమే. అయినా ఆ ఇంట్లో గర్వంగా తిరిగేది ఆమే. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. వ్యాఖ్యాతల వివరణ మనం తరగతి గదుల్లో విన్నదే. ఒకప్పుడు ఏనుగుల్ని కొట్టగలిగిన వేటగాడు ఇప్పుడు ఈమె మోహంలో మునిగి, దూరం పోలేక, నెమళ్లతో సరిపెడుతున్నాడు. అందుకే ఈక ముత్యం కన్నా విలువైనది.

జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఈ వివరణ నాకెంతో నచ్చింది. గాథల్ని కూర్చినట్టు చెప్పే హాలుడు శాతవాహన రాజు. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల మా జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డున ఉంది. అందుకేనేమో ఆ గాథల్లోని ఆడవాళ్లు నాకు మా వాడకట్టు వాళ్లలాగే అనిపించేవారు. ఇప్పుడు చదివితే మాత్రం ఆ వివరణ దగ్గర ఆగిపోతున్నాను.

ఎందుకంటే అందులో లెక్కంతా మగవాడి బలానిది. ముత్యమైతే బలం ఉన్నట్టు, ఈకైతే బలం ఆమె దగ్గర ఖర్చయినట్టు. కానుక అందుకున్న నలుగురైదుగురు ఆడవాళ్లూ అతని కొలతకు తూకపు రాళ్లు. ముత్యాలు పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు ఎలా ఉందో ఎవరూ అడగలేదు. ఇంకొక చిన్న ప్రశ్న కూడా మిగిలింది. ఈక దానంతటది చెవికి సొమ్ము కాదు కదా. దాన్ని కోసి, వంచి, చెవికి నిలిచేలా అమర్చింది ఎవరు? గాథ చెప్పదు. అతనే కావచ్చు. ఆ పిల్లే కావచ్చు. ఆమె గర్వం మొగుడి మోహం గురించి కాక, తన చేతిపని గురించి కూడా అయి ఉండొచ్చని వ్యాఖ్యానాలకు తోచలేదు.

రోజికా పార్కర్ 1984లో వచ్చిన ‘ది సబ్వర్సివ్ స్టిచ్’ అనే పుస్తకంలో, కుట్టుపని ఆడతనాన్ని నేర్పే సాధనం ఎలా అయిందో, అదే ఆడవాళ్లకు తమ మాట చెప్పుకునే చోటు కూడా ఎలా అయిందో చూపించింది. ఆమె రాసింది ఇంగ్లండు ఇళ్ల గురించి. మా ఇంట్లో సూదికి ఇంకో లెక్క కూడా ఉండేది. అమ్మ బీడీలు చేసేది. కూలి వెయ్యి బీడీల లెక్కన. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, చాట నిండితేనే పైసలు. ఏ రాత్రి సూది పట్టినా మర్నాటి కట్టలు తగ్గేవి. అంటే ఆ చిలకలకు ఖరీదుంది. ఇంట్లో ఎవరూ ఆ లెక్క కట్టలేదు, అమ్మతో సహా.

బాపు అప్పుడు దుబాయిలో ఉండేవాడు. సెలవు మీద వస్తూ టేప్‌రికార్డరు, కంబళి, అత్తరు సీసా తెచ్చేవాడు. వాడకట్టంతా వచ్చి చూసేది. ఆ వస్తువులు ముందు గదిలో, గలేబులు లోపలి మంచం మీద.

మళ్లీ తువ్వాల దగ్గరికి వస్తాను. దసరాకు సిరిసిల్ల పోతే పెద్దత్తమ్మ, అంటే మా ఆయన పెద్దమ్మ, నవ్వుతూ అంది: “నీ తువ్వాలకు కండెలు నేనే చుట్టిన బిడ్డా. వానికి రాట్నం తిప్పుడు రాదు గద.” నేను కొయ్యబారిపోయాను. ఇన్నాళ్లూ ‘తన చేతులతో’ అని చెప్పుకున్న కానుకలో డెబ్బయి ఏళ్ల ఇంకో జత చేతులున్నాయి. అతను దాచలేదు. చెప్పాలని తోచలేదు, అంతే.

సిరిసిల్ల అనగానే అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, ఆయన బాటలో నడిచిన కొడుకు విజయ్ గుర్తొస్తారు. ఆ నేర్పు గొప్పదే. కానీ మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చున్నవాళ్ల పేర్లు మనకు గుర్తుండవు. దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ ఉంది. 1999లో ఆసు యంత్రం తయారు చేసిన చింతకింది మల్లేశం దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టాడు. ఒక్క చీరకు ఆసు పోయడానికి తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి భుజం నొప్పి చూసి చేసిన పని అది. ప్రేయసికిచ్చిన కానుక కాదు. అయినా ప్రేమ కానుకల గురించి రాసేవాళ్లందరూ దాన్ని గుర్తుంచుకోవాలి. అది ఎదుటి మనిషి శ్రమను చూడటంతో మొదలైంది.

నేను తువ్వాలను తక్కువ చేయడం లేదు. అతను ఇచ్చిన రెండు ఆదివారాలు నిజం. కానీ తనకున్న తీరికలోంచి ఇచ్చినదీ, లేని తీరికను కూలి కోసుకుని ఇచ్చినదీ ఒకే తూకం కాదు. మొదటిదాన్ని ప్రేమ అని, రెండోదాన్ని పనితనం అని పిలిచే భాషతోనే నా పేచీ.

ఈ వ్యాసం రాస్తూ అమ్మకు ఫోన్ చేశాను. బాపు ఎప్పుడైనా ఆ గలేబుల గురించి ఏమన్నా అన్నాడా అని అడిగాను.

“ఏమంటడు? ఏం అనలే. ఒకటి మాత్రం పెట్టెల పెట్టుకొని పోయిండు. మల్ల వచ్చేసరికి చిలుకలు లేవు, ఉతికి ఉతికి దారాలే మిగిలినయ్.”

బాపు చదివాడన్నమాట. మాటల్లో కాదు, అరిగిపోయేదాకా చదివాడు. ఆ ఎడారి క్యాంపులో ఒక మనిషి ఒక గలేబును అలా చదివినట్టు మన వ్యాఖ్యాతలెవరైనా ఆ వేటగాడి ఇంటిని చదివి ఉంటే, ఈక ఎవరు అమర్చారో అడిగి ఉండేవారు.

తువ్వాల అంచు మీద ఎర్ర దారంతో పెద్దత్తమ్మ పేరు మొదటి అక్షరం కుట్టాను. నా కుట్టు వంకరగా వచ్చింది.