దేవుని పక్షమున అబద్ధ సాక్ష్యము



తొమ్మిదవ ఆజ్ఞను మనము చిన్ననాడే కంఠస్థము చేసితిమి. పొరుగువానికి విరోధముగా అబద్ధ సాక్ష్యము పలుకరాదని మనకు తెలియును. అయితే దేవునికి అనుకూలముగా అబద్ధ సాక్ష్యము పలుకవచ్చునా? ఈ ప్రశ్న అడిగినచో, పలుకవచ్చునని మనలో ఎవరును చెప్పరు. అయినను మన సభలలో, ముఖ్యముగా డార్విను పరిణామ సిద్ధాంతమును ఖండించు ప్రసంగములలో, అట్టి సాక్ష్యము పలుమారు వినబడుచున్నది. దానిని ఎదిరించు హేతువాదులను మనము శత్రువులుగా ఎంచుచున్నాము. ఈ మాసము మన ప్రసంగములను, వారి ఎదిరింపును కూడ ఒకే త్రాసులో పెట్టి చూడదలచితిని. ఇతరులను తూచుటకు ముందు నా తప్పు నేను ఒప్పుకొనుట న్యాయము.

1998లో నేను టైడాకు క్రొత్తగా వచ్చితిని. ఒక రాత్రి కూటములో పెట్రోమాక్సు దీపము ముందర నిలిచి, డార్వినుగారు మరణశయ్యమీద తన సిద్ధాంతమును విడిచి, హెబ్రీయులకు వ్రాసిన పత్రికను చేతబట్టుకొని రక్షకుని ఒప్పుకొనెనని ప్రసంగించితిని. పగలంతయు అడ్డాకులు కుట్టి అలసిన తల్లులును, కాఫీ తోటలనుండి వచ్చిన యౌవనులును కన్నీళ్లతో వినిరి. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టెను.

మరునాటి ఉదయమున మా పాఠశాల ఉపాధ్యాయుడొకరు నా యింటికి వచ్చెను. ఆయన దేవుడు లేడను వాడు. ఆ సంగతి దాచువాడును కాడు.

"అయ్యగారూ, రాత్రి మీరు చెప్పిన కథకు ఆధారమేమిటి?" అని అడిగెను.

"పుస్తకములో చదివితిని మాస్టారూ" అంటిని.

"ఆ పుస్తకానికి ఆధారమేమిటి?"

నాకు జవాబు లేకపోయెను. వేదాంత కళాశాలలో నాలుగు సువార్తలను గూర్చి, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు వ్రాసిరి, ఎవరివలన వినిరి అని ప్రశ్నించుట నేర్చుకొన్నవాడను. పరిశుద్ధ గ్రంథమును అడిగిన ప్రశ్నలను ఒక కరపత్రపు కథను అడుగక విడిచితిని. ఆయన వెళ్లిన పిమ్మట నాకు కోపము వచ్చెను. సిగ్గు కొన్ని దినములు తాళి వచ్చెను. పిమ్మట పుస్తకములు వెదకితిని. దొరికిన సంగతి చెప్పెదను. అది మన తెలుగుదేశమునకు ఎంత దగ్గరిదో చూడుడి.

ఆ కథ చెప్పినది లేడీ హోపు అను సువార్తికురాలు. ఆమె పుట్టింటి పేరు ఎలిజబెత్ కాటన్. గోదావరిమీద 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొరగారి కుమార్తె ఆమె. నేటికిని గోదావరి రైతులు కాటన్ దొరకు దండలు వేయుచున్నారు. ఆయన జీవితచరిత్రను 1900లో వ్రాసి ప్రకటించినదియు ఈమెయే. మద్యపానమును మాన్పుటకు ఇంగ్లాండులో కాఫీ గృహములు నడిపిన భక్తురాలు. గనుక ఆమెను తేలికగా నిందింప నాకు మనస్సొప్పదు. కాని సాక్ష్యమును సాక్ష్యముగానే పరీక్షింపవలెను.

డార్వినుగారు 1882 ఏప్రిల్ 19న చనిపోయిరి. లేడీ హోపు కథ అమెరికాలోని బోస్టను నగరపు బాప్టిస్టు పత్రికలో అచ్చుపడినది 1915 ఆగస్టులో; అనగా ముప్పది మూడేండ్లకు. ఆ అచ్చుపడిన కథలోనైనను ఆమె ఆయనను చూచితిననినది మరణ దినమున కాదు, కొన్ని నెలలకు ముందు ఒక శరత్కాలపు సాయంకాలమున. సిద్ధాంతము తప్పని ఆయన తేటగా చెప్పెనని అందులోను లేదు. మరణశయ్యయు, సిద్ధాంతమును విడుచుటయు తరువాతి బోధకులు అతికించినవే. అతికించిన వారిలో నేనును ఒకడను. 1922లో డార్వినుగారి కుమార్తె హెన్రియెట్టా లండనులోని క్రైస్తవ పత్రికకే జవాబు వ్రాసెను: తండ్రి మరణశయ్యయొద్ద తానుంటిననియు, లేడీ హోపు అక్కడ లేదనియు, ఆయన తన శాస్త్రాభిప్రాయములలో దేనిని ఎన్నడును విడువలేదనియు. డార్వినుగారి భార్య ఎమ్మా దైవభక్తిగలది. భర్త అవిశ్వాసమును గూర్చి దుఃఖించినది. ఆయన నిజముగా మారియుండినయెడల మొదట ఆనందించి చాటవలసినది ఆమెయే గదా! ఆమె అట్లు చాటలేదు. 1994లో జేమ్సు మూరు అను చరిత్రకారుడు ఈ కథమీద ఒక పూర్తి గ్రంథమే వ్రాసి, ఆమె ఒకమారు ఆయనను చూచియుండవచ్చును గాని మారుమనస్సు మాట మాత్రము నిలువదని తేల్చెను. నేడు సృష్టివాద సంఘములలో పెద్దదైన ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ వారే ఈ కథను వాడవద్దని తమవారిని హెచ్చరించుచున్నారు.

ఇంకొక మాట ఆలోచించుడి. ఆ కథ నిజమైయున్నను మనకు కలుగు లాభమేమి? ప్రధానయాజకుని ముంగిటిలో పేతురు ముమ్మారు బొంకెను. అందువలన యేసు క్రీస్తు కాకపోయెనా? ఒక సత్యము దాని బోధకుని చివరి ఘడియమీద ఆధారపడదు. డార్వినుగారు ఏమి చెప్పి చనిపోయినను, రాళ్లలోని ఎముకలు అట్లే యుండును.

ఆ రాళ్ల సంగతికే వచ్చుచున్నాను. 2023 వేసవిలో పట్టణమునుండి ఒక ప్రసంగికుడు మా కొండమీదికి బొమ్మలు చూపించు యంత్రముతో వచ్చెను. భూమి వయస్సు ఆరువేల ఏండ్లనియు, అట్లు నమ్మనివాడు ఆదికాండమును నమ్మనివాడనియు, ఆదికాండమును నమ్మనివానికి రక్షకునితో పాలు లేదనియు మెట్టు మెట్టుగా చెప్పెను. వెనుక వరుసలో మా సంఘపు యౌవనుడొకడు కూర్చుండెను. కొండదొర కుటుంబమువాడు, తన ఇంట కళాశాల మెట్టు ఎక్కిన మొదటివాడు, భూగర్భ శాస్త్రము చదువుచున్నవాడు. మా రైలుమార్గము కొరకు తొలిచిన ఈ కొండరాయికి శాస్త్రజ్ఞులు ఖోండలైటు అని పేరు పెట్టిరి. అది ఈ తూర్పు కనుమలలో కాపురముండు ఖోండు జనుల పేరు. అది భూమి లోతున వేడిమికి, ఒత్తిడికి లోనై ఈ రూపు పొంది దాదాపు నూరు కోట్ల ఏండ్లయినదని ఆ చిన్నవాడు తన పాఠములో నేర్చుకొన్నాడు. ఆ రాతిమీదనే వాని ఇల్లు కట్టబడియున్నది.

కూటము ముగిసిన పిమ్మట వాడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, నేను చదివింది అబద్ధమని చెప్పాలా, లేకపోతే సంస్కారం మానుకోవాలా?" అని అడిగెను. మరుసటి ఆదివారము బల్ల యొద్దకు వాడు రాలేదు.

చదువరీ, వానిని బల్లనుండి దూరము చేసినది ఏ నాస్తికుడు? ఎవడును కాడు. మన వేదిక మీదనుండి వచ్చిన మాటయే వానిని దూరము చేసెను.

ఇక ఆ ప్రసంగముల వాదములను చూతము. జాతికిని జాతికిని నడుమ నిలుచు ప్రాణి ఒక్కటియు దొరకలేదని చెప్పుదురు. డార్వినుగారి గ్రంథము 1859లో వెలువడెను. 1861లోనే జర్మనీ దేశపు బవేరియాలో, రెక్కల ఈకలును, పండ్లును, పొడుగైన ఎముకల తోకయు గల ఆర్కియోప్టెరిక్సు శిల దొరికెను. దూరమేల? మన కాశ్మీరపు రాళ్లలో దొరికిన చిన్న లేడివంటి జంతువునకు ఎ. రంగారావుగారు 1971లో ఇండోహ్యూసు అని పేరు పెట్టిరి. 2007లో దాని చెవి యెముకను పరీక్షించినవారు, అది తిమింగలముల చెవివలె నున్నదని కనుగొనిరి. ఈ సాక్ష్యమును తూచి కాదనుట వేరు. అది లేనే లేదనుట వేరు. రెండవది అబద్ధము.

మరియొక వాదము హాల్డేను పేరిట చెప్పబడును. ఇది వినదగినది. డగ్లసు డ్యూవరు అను ఆంగ్లేయుడు మన దేశములో సివిలు సర్వీసు ఉద్యోగము చేయుచు, పక్షులను గూర్చి చక్కని పుస్తకములు వ్రాసెను. 1909లో పరిణామమును ఒప్పుకొని గ్రంథము వ్రాసిన ఆయనయే తరువాత దానిని విడిచి, ఇంగ్లాండులో దానికి విరోధముగా నిలిచిన ఉద్యమమునకు నాయకులలో ఒకడాయెను. ఆయనకు ఎదురు నిలిచినవాడు జె. బి. ఎస్. హాల్డేను, పేరుమోసిన జీవశాస్త్రజ్ఞుడు, నాస్తికుడు. వారి వాదప్రతివాదములు 1949లో ఒకే గ్రంథముగా అచ్చుపడెను. చక్రము, అయస్కాంతము వంటివి సంపూర్ణమగువరకు పనికిరావు గనుక ప్రాణులలో అవి కానరావని హాల్డేను అందులో వ్రాసెను. 1970లలో సూక్ష్మజీవులలో గిరగిర తిరుగు తోకయు, అయస్కాంతపు రేణువులును కనబడెను. మన ప్రసంగికులు ఇక్కడ జయధ్వని చేయుదురు. హాల్డేను పొరపడెను, నిజమే. దానిని చెప్పుట న్యాయమే. కాని ఆ తోకలోని భాగములవంటివే ఇతర సూక్ష్మజీవులలో విషపదార్థములను చొప్పించు సూదివలె పని చేయుచున్నవని కూడ కనుగొనిరి. అనగా సంపూర్ణము కానిది పనికిరాదను మాటయే సడలెను. సగము కథ చెప్పి ఆగినవాడు పూర్ణ సాక్షి కాడు.

ఆ హాల్డేను 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరములో చనిపోయెను. ఆయన కోరిక ప్రకారము ఆయన దేహము మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు విద్యార్థుల చదువు నిమిత్తము ఇయ్యబడెను. ఆ కాకినాడలోనే వృక్షశాస్త్రము చెప్పుచు నాస్తికత్వము కారణముగా 1933లో ఉద్యోగము పోగొట్టుకొన్న గోరాగారు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించి, అంటరానితనముతో జీవితాంతము పోరాడిరి. వీరి అవిశ్వాసమును నేను ఒప్పుకొనను. కాని తమ మాటకు వెల చెల్లించినవారిని ఎగతాళి చేయు హక్కు, వెల చెల్లింపని మనకు లేదు.

ఎదిరించువారి పక్షమునను లోపము కలదు, చెప్పవలెను. ప్రాణులు మారుచు వచ్చెనని చూపించిన వెంటనే, కాబట్టి సృష్టికర్త లేడని వారు దాటుదురు. ఆ గంతు ప్రయోగశాలలో వేసినది కాదు. డార్వినుగారి సిద్ధాంతమును అమెరికాలో మొదట సమర్థించిన వృక్షశాస్త్రజ్ఞుడు ఏసా గ్రే విశ్వాసియైన క్రైస్తవుడు. పరిణామము వెలుగున తప్ప జీవశాస్త్రములో ఏదియు బోధపడదని 1973లో వ్రాసిన డొబ్‌జాన్‌స్కీ ఆర్థొడాక్సు సంఘస్థుడు. 2005లో అమెరికాలోని డోవరు గ్రామపు పాఠశాల వ్యాజ్యెములో, సృష్టివాదపు క్రొత్త రూపమునకు విరోధముగా సాక్ష్యము చెప్పిన కెన్నెత్ మిల్లరు కతోలిక విశ్వాసి. ఎదిరించు ప్రతివాడును దేవుని శత్రువు కాడని మనమును, నమ్ము ప్రతివాడును అజ్ఞాని కాడని వారును నేర్చుకొనవలెను. సభలో ప్రశ్న అడుగుట వారి హక్కు; కేకలు వేసి సభను చెదరగొట్టుట సత్యమునకు సేవ కాదు.

2019 జనవరిలో జలంధరులో జరిగిన భారత విజ్ఞాన కాంగ్రెసులో, అప్పటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతి జి. నాగేశ్వరరావుగారు దశావతారములు డార్విను సిద్ధాంతముకంటె మేలైనవనియు, కౌరవులు పరీక్షనాళిక శిశువులనియు పలికిరి. శాస్త్రజ్ఞులు దేశమంతట నిరసన తెలిపిరి. ఆ దినమున నేను వార్తాపత్రిక చదివి శాస్త్రజ్ఞులను మెచ్చుకొంటిని. చదువరీ, మీరును మెచ్చుకొనియుందురు. అయితే మన వేదికమీది మాటను అదే శాస్త్రజ్ఞులు తప్పనినప్పుడు దానిని హింస అని పిలువవచ్చునా? పొరుగువానికి కొలిచిన కుంచముతోనే మనకును కొలువబడునని మన ప్రభువు హెచ్చరించెను గదా.

యోబు గ్రంథము పదుమూడవ అధ్యాయము తెరచి చూడుడి. దేవుని పక్షమున అన్యాయముగా వాదింతురా, ఆయన నిమిత్తము వంచన మాటలు పలుకుదురా అని యోబు తన స్నేహితులను నిలదీసెను. ఆ స్నేహితులు దేవుని తరపున వాదించినవారే. గ్రంథాంతమున దేవుని కోపము ఎవరిమీద రగిలెను? ఆయనను ప్రశ్నించిన యోబుమీద కాదు. ఆయనను తప్పుగా సమర్థించినవారిమీద. వారి కొరకు ప్రార్థన చేయవలసినవాడు యోబే ఆయెను.

ఆదియందు దేవుడు సృజించెనని నేను నమ్ముచున్నాను. ఎన్ని ఏండ్లలో, ఏ రీతిగా అనునది ఆయన రాళ్లలో వ్రాసియుంచినయెడల, రాళ్లను చదువువానికి నేను భయపడనేల? సత్యమైన దేవునికి అసత్యపు ఆసరా అక్కరలేదు.

ఆ ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేసి కొండ దిగి పోయెను. పోవుటకు ముందు ఒక ఆదివారము నేను సంఘము ఎదుట నిలిచి, 1998లో నేను చెప్పిన కథ నిజము కాదని ఒప్పుకొంటిని. ఆయన ద్వారమునొద్ద నిలిచి వినెను. లోపలికి రాలేదు, కాని వెళ్లునప్పుడు నా చేయి పట్టుకొనెను.

ఆ యౌవనుడు మరల గుడికి వచ్చుచున్నాడు. వెనుక వరుసలో కూర్చుండును. బల్ల యొద్దకు ఇంకను రాలేదు. చదువరీ, వాని కొరకు ప్రార్థింపుడి. మీ గ్రామములో వేదికయెక్కు ప్రతి బోధకుని కొరకును, ఈ వ్రాయువాని కొరకును, మా నోట సత్యము తప్ప మరేదియు రాకుండునట్లు ప్రార్థింపుడి.