చూపు కన్నా ముందు ఊహ

2023లో చైనాలోని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 అనే ఫైటింగ్ గేమ్‌లో స్వర్ణం దక్షిణ కొరియాకు చెందిన కిమ్ గ్వాన్‌వూ గెలుచుకున్నాడు. అప్పటికి అతని వయసు 44. వీడియో గేమ్ అంటే కుర్రాళ్ల వేళ్ల వేగమే అనుకునేవారికి ఇది మింగుడుపడదు. కానీ ఫైటింగ్ గేమ్‌ లోపలి లెక్క తెలిస్తే వింతగా అనిపించదు.

ఈ ఆటల్లో కాలాన్ని ఫ్రేముల్లో కొలుస్తారు. సెకనుకు 60 ఫ్రేములు. కంటితో చూసి బటన్ నొక్కడానికి మనిషికి సుమారు 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో త్రో, అంటే పట్టి విసరడం, 5 ఫ్రేముల్లో తగులుతుంది. దాన్ని చూసి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. కిందపడి లేచేటప్పుడు ఎదుటివాడు మీదికొస్తే, కొడతాడా పట్టి విసురుతాడా అన్నది ముందే తేల్చుకోవాలి. దెబ్బ కాచుకుంటూ కూర్చుంటే త్రో పడుతుంది. త్రో తప్పించుకుందామని ఎగిరితే దెబ్బ తగులుతుంది.

ఇలా ఎదుటివాడి ఎత్తును ముందే ఊహించడాన్ని జపాన్ ఆటగాళ్లు యోమి అంటారు. ఇది బొమ్మా బొరుసా వేయడం కాదు, ఎదుటివాడి అలవాట్లు చదవడం. మూలకు నెట్టినప్పుడల్లా ఎగురుతున్నాడా? రెండు దెబ్బలు కాచుకున్నాక తొందరపడుతున్నాడా? సూపర్ అనే అతి బలమైన దాడికి కావాల్సిన గేజ్ నిండగానే వాడేస్తాడా, దాచుకుంటాడా? మొదటి రౌండు పోయినా ఇవి తెలిస్తే గట్టి ఆటగాడికి పెద్ద నష్టం లేదు. ఆపైన ఎదుటివాడికి తనే అలవాటు చేస్తాడు. వరసగా త్రోలు వేసి, ఈసారి ఎగురుతాడని కనిపెట్టి, వెనక్కి తగ్గి గాల్లోనే కొడతాడు.

అలాగని చూసి స్పందించడం చిన్న విద్యేమీ కాదు. స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. చూసి తిప్పికొట్టడానికి అది చాలు. ప్రాక్టీసులో, అదొక్కటే వస్తుందని తెలిసినప్పుడు, కొత్తవాళ్లూ తిప్పికొడతారు. పోటీలో మాత్రం ఆరితేరినవాళ్లకూ అది తగులుతుంటుంది. ఎగురుతాడేమో, ఫైర్‌బాల్ వేస్తాడేమో, దూసుకొచ్చి పట్టుకుంటాడేమో అని మనసు నాలుగు వైపులా కాపలా కాస్తుంటే ప్రతి స్పందనా ఆలస్యమవుతుంది. అందుకే మంచి ఆటగాడు ఇంత దూరంలో వచ్చేవి ఈ రెండే అని ముందు తేల్చుకుని, వాటి కోసమే చూస్తాడు. వేగంగా కనిపించే స్పందన వెనక కూడా ఊహే ఉంటుంది. ఊహనూ స్పందననూ పోటీ పెట్టి మాట్లాడటం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

దీనికి 2004 ఈవో ఫైటింగ్ గేమ్ టోర్నమెంటును మించిన సాక్ష్యం లేదు. కాలిఫోర్నియాలో జరిగిన ఆ పోటీలో, స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్ ఆటలో, డైగో ఉమెహారా కెన్ పాత్రతో, జస్టిన్ వాంగ్ చున్‌లీ పాత్రతో ఆడుతూ తలపడ్డారు. డైగో ప్రాణం గీతంత మిగిలింది. చున్‌లీ సూపర్‌ను కాచుకున్నా ఆ కాస్తా పోతుంది. మిగిలిన దారి ప్యారీ. అంటే దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా స్టిక్‌ను దెబ్బ వైపుకే నొక్కడం. ఒక్కటి తప్పినా ఓటమే. సూపర్ మొదలవడం చూశాక నొక్కితే మొదటి తన్నుకు ఆలస్యమైపోతుంది కాబట్టి దాన్ని ఊహించే నొక్కాలి. మిగతా తన్నుల లయ సాధనతో వచ్చేది. డైగో 15 తన్నులనూ ప్యారీ చేసి, ఎదురుదాడితో ఆ రౌండు గెలిచాడు. ఫైనల్లో మాత్రం కెంజీ ఒబాటా చేతిలో ఓడాడు.

ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. చూస్తే ఆ తన్నుల దగ్గరే ఆగిపోకండి. వాటికి ముందు కొద్ది సెకన్లు కెన్ ఎక్కడ నిలబడ్డాడో, ఎలా ముందుకూ వెనక్కూ కదిలాడో గమనించండి. అసలు ఆట అక్కడ జరిగింది.