హాస్యనటుని స్మృతి – ప్రతివిమర్శ

స్కాట్లండు దేశీయుఁడగు ఆలస్టేర్ సిమ్ 1900లో ఎడింబరోనగరమున జన్మించి 1976లో లండనునఁ గీర్తిశేషుఁడయ్యెను. రంగస్థలమునకు వచ్చుటకుఁ బూర్వ మీతఁడు వాచికశిక్షణమున నుపాధ్యాయుఁడు. స్వరస్థానముల నెఱిఁగినవాఁ డగుటచే నీతని హాస్యము మాటలయందుఁ గాక మాటల నడిమి విరామములయందుఁ బుట్టును.

డికెన్సు 1843లోఁ బ్రకటించిన కథ ననుసరించి 1951లో వెలువడిన ‘స్క్రూజ్’ చిత్రమున లోభివృద్ధుఁ డీతఁడే. కడపట వృద్ధుఁడు పశ్చాత్తప్తుఁడై క్రిస్మసునాఁటి యుదయమున మేల్కాంచి, పగలఁబడి నవ్వి, తలక్రిందుగా నిలువఁగాఁ బనికత్తె హడలి పాఱును. అతిహసితమును భరతుఁ డధమప్రకృతులకు విధించెను గదా, యుత్తముఁడైన క్షణమున నిట్టి నవ్వు తగునా యని శంక. తగు ననియే నా సమాధానము. ఇది పరుల నపహసించు నవ్వు కాదు. పోయిన బాల్యమును మరల నందుకొన్నవాని నవ్వు. ఇంతటి సంతోషమునకుఁ దా నర్హుఁడు గాఁ డని యాతఁడే యొప్పుకొనుట దీనికి సాక్ష్యము.

ఈ నవ్వు యథాతథముగా నిలువవలెనన్నఁ బ్రాచీనచిత్రములను సంగ్రహించువారికిఁ బ్రతివివేక మావశ్యకము. ఈ చిత్రమే బ్రిటనున ‘స్క్రూజ్’ అనియు, అమెరికాలో ‘ఎ క్రిస్మస్ కేరల్’ అనియు వెలువడెను; పిమ్మట రంగు లద్దిన ప్రతియుఁ బుట్టెను. నామభేదము పాఠాంతరమువంటిది, హాని లేదు. రంగు ప్రక్షిప్తము. తొలిభాగమున నీడలోఁ గ్రుంగిన యా కన్నులే తుది నవ్వునకుఁ బ్రాణము; రంగు నీడను మాపును. సంగ్రాహకులు నలుపు తెలుపుల ప్రతినే మూలముగా గ్రహించి, తక్కినదానిని వేఱుగాఁ గుర్తించి యుంచుదురు గాక.