దినచర్యాలేఖయు స్వభావోక్తియు: ఎమిలీ డికిన్సను విద్యార్థినీదశ

స్వభావోక్తి అలంకార మగునా కాదా యను వివాదము మన ఆలంకారికులలో ప్రాచీనమైనది. దండి దానిని ఆద్యాలంకృతిగా గణించెను. కుంతకుడు, వస్తుస్వభావమే అలంకార్యమై యుండగా అది తన్ను తానెట్లు అలంకరించుకొనునని దానిని త్రోసివైచెను. శ్లోకములపై నడచిన యీ వాదమును 16 ఏండ్ల బాలిక చెలికత్తెకు వ్రాసిన జాబుపై పెట్టి చూచుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యా బాలిక ఎమిలీ డికిన్సను. ఆ జాబులో నున్నది గంటల పట్టిక.

ఆమె అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఆమ్హర్‌స్టు పట్టణమున 1830 డిసెంబరు 10న జన్మించెను. 1886లో అచ్చటనే మరణించెను. పదునెనిమిదివందలకు చేరువగా పద్యములు వ్రాసిన యీమెవి జీవితకాలమున అచ్చైనవి పది ప్రాంతము మాత్రమే. 1847 సెప్టెంబరు చివర సౌత్ హాడ్లీలోని మౌంటు హోలియోక్ స్త్రీవిద్యాలయమున ఆమె ప్రవేశించెను. మేరీ లయన్ దానిని 1837లో తెఱచెను. కేవలము కళాశాల యను పేరు దానికి 1893లో గాని రాలేదు. అచ్చట పనివారు లేరు. వంట, ఉతుకు, తుడుపు మొదలగు పనులన్నియు బాలికలే పంచుకొనిరి. అందుచేతనే తొలినాళ్లలో ఏటికి 60 డాలర్లకే బసయు భోజనమును చదువును సమకూరినవి. భోజనపు బల్లలలో మొదటి వరుసనుండి ఉదయమును మధ్యాహ్నమును కత్తులు తీసికొనిపోవుటయు, రాత్రి అన్నే కత్తులు కడిగి తుడుచుటయు ఎమిలీ వంతునకు వచ్చినవి.

1847 నవంబరు 6న అబయా రూట్ అను స్నేహితురాలికి ఆమె తన దినమును గంటగంటగా వ్రాసెను. ఆఱింటికి లేచుట, ఏడింటికి ఫలాహారము, ఎనిమిదింటికి చదువు, తొమ్మిదింటికి సభాభవనమున ప్రార్థన; 10-15కు ప్రాచీనచరిత్ర ఒప్పజెప్పుట, 11కు పోపుకవి మానవునిగూర్చి వ్రాసిన కావ్యము, 12కు వ్యాయామము, 12-30కు భోజనము; పిమ్మట అరగంట గానము, గంటసేపు పియానో సాధన; 4-30కు లయన్ చేయు హితోపదేశము, ఆఱింటికి రాత్రి భోజనము, ఆపైని మౌనపఠనము. ఇంతవఱకు కుంతకునిదే గెలుపు. ఇట్టి పట్టికను ఏ విద్యార్థినియైనను వ్రాయగలదు.

అయితే పోపు పాఠమును గూర్చి చెప్పుచోట ఆమె యొక చిన్న మాట చేర్చినది. ఆ పాఠమున జరుగునది పద్యములోని పదములను స్థానము మార్చి పేర్చుట మాత్రమేనట. ఇది మన పాఠశాలలలోని అన్వయక్రమమే. కర్తను ముందుంచి, క్రియను తుదకు జేర్చి, విశేషణములను వాని విశేష్యముల యొద్ద గూర్చోబెట్టి, పద్యమును వచనముగా నొప్పజెప్పించు పద్ధతి పండితులకు క్రొత్తది కాదు. ‘మాత్రమే’ యనుటలోని యెత్తిపొడుపు వారికి గ్రుచ్చుకొన్నను గ్రుచ్చుకొనవచ్చును. ఈ బాలికయే తరువాత క్రియాపదములను విడిచి, వాక్యములను గీతలతో త్రుంచి, ఏ అన్వయమునకును సులభముగా లొంగని పద్యములు వ్రాసినదను సంగతి యిచ్చట స్మరింపదగినది. ఒకటి రెండవదానికి కారణమని చెప్పుట సాహసము. కాని యా విసుగు ఈ పట్టికలో నమోదైనది.

ఇంతకంటె ముఖ్యమైనది 3-45 గంటల ఘట్టము. అప్పుడు బాలికలు తరగతులుగా గూడి ఆనాటి లెక్క నప్పగింతురు: గైరుహాజరు, ఆలస్యము, మౌనవేళ మాటాడుట, గదికి అతిథులను రానిచ్చుట. ఈ లెక్క అప్పగించునది ఉపాధ్యాయిని కాదు, తప్పు చేసిన బాలికయే. ఈ జాబితాను ఎమిలీ సగములో నాపి, ఇంకను పదివేల సంగతులున్నవని ముగించినది. వెంటనే రాత్రి గంటల ప్రస్తావన: పడుకొమ్మను గంట 8-45కు మ్రోగును; ఆలస్యమును నిర్ణయించు గంట 9-45కు గాని మ్రోగదు; కావున మొదటి దానిని తఱచుగా నెవరును లెక్కింపరు. నియమమును చెప్పుచునే నియమములోని సందును చూపుట యిది. ఇచ్చట ఒక్క ఉపమానము లేదు, ఉత్ప్రేక్ష లేదు. అయినను వ్రాసిన మనిషి కనబడుచున్నది. దండి పక్షమునకు ఈ వాక్యములే సాక్ష్యము.

ఈ జాబును బట్టి కొందఱు ఆమె అచ్చట సుఖముగా నుండెననిరి. ఉపాధ్యాయినులు దయగలవారనియు ఆహారము మంచిదనియు ఆమెయే వ్రాసినది గదా. మఱికొందఱు దానిని చెఱసాల వర్ణనగా చదివిరి. ఇరువురును జాబు ఎవరికి వ్రాయబడెనో చూడలేదు. అంతకు రెండు వారములు ముందుగా, అక్టోబరు 21న, అన్న ఆస్టిన్‌కు వ్రాయుచు ఆమె మెక్సికో యుద్ధము ముగిసినదా యని యడిగి, ఏ జాతియైనను సౌత్ హాడ్లీని ముట్టడింప నున్నచో తెలుపుమనియు, తప్పించుకొనుటకు అదను దొఱకుననియు పరిహాసమాడినది. అన్నకు హాస్యము, చెలికి ఊఱట. రెంటిలో నేదియు అసత్యము గాదు, ఏదియు సంపూర్ణమును గాదు.

మేనకోడలు మార్తా డికిన్సను బియాంకి 1924లో ప్రకటించిన జీవితచరిత్ర మఱియొక కథను వ్యాపింపజేసెను: క్రిస్మసునాడు ఉపవాసము చేయవలెనని లయన్ ఆజ్ఞాపింపగా ఎమిలీ యెదిరించి ఇంటికి వెడలినదట. సమకాలపు పత్రములు దీనిని బలపఱుపలేదని తరువాతి పరిశోధకులు తేల్చిరి. కథ యందమైనదే, కాని అది యసలు సంగతిని కప్పివైచినది. ఆ విద్యాలయమున బాలికలను విశ్వాసమును బట్టి మూడు తెగలుగా విభజించుచుండిరి: క్రీస్తును బహిరంగముగా అంగీకరించినవారు, ఆశ గలవారు, ఆశ లేనివారు. ఎమిలీ కడవఱకును మూడవ తెగలోనే నిలిచెను. 1848 జనవరిలో అబయాకు వ్రాసిన జాబులో, అనేకులు శరణుజొచ్చుచున్నారనియు, తాను మాత్ర మింకను లొంగలేదనియు ఆమె యొప్పుకొనెను. మే నెల జాబులో, ఆ యవకాశమును జాఱవిడిచితినని పశ్చాత్తాపము కూడ గలదు. ధిక్కారము చేసిన వీరవనిత యిట్లు వ్రాయదు. నమ్మినట్లు చెప్పలేక, నమ్మలేకపోయినందులకు బాధపడిన బాలిక వ్రాసిన వ్రాత యిది.

ప్రతిదినము 3-45కు తన తప్పులను తానే చెప్పుకొనుట కలవాటుపడిన బాలికకు, లేని విశ్వాసమును ఉన్నదని చెప్పుట యెంత కష్టమో ఊహింపవచ్చును. కాని నవంబరు నాటి పట్టికలో ఈ మథనమునకు గంట లేదు. ప్రార్థన కలదు, ఉపదేశము కలదు, కత్తులు కడుగుట సైతము కలదు. స్వభావోక్తి యేమి చెప్పినదో చూచిన విమర్శకుడు అది యెచ్చట నూరకున్నదో కూడ చూడవలెను. కుంతకుని యాక్షేపమునకు నిజమైన సమాధానము బహుశః అచ్చటనే దొఱకును.

ఈ లేఖలను మేబెల్ లూమిస్ టాడ్ 1894లో తొలుత ప్రకటించెను; థామస్ జాన్సన్, థియోడోరా వార్డు సంపాదించిన మూడు సంపుటముల ముద్రణము 1958లో వెలువడెను. నవంబరు జాబును ఒంటిగా ఎత్తి ఉదాహరించు సంకలనకర్తలు, అబయాకే వ్రాసిన జనవరి, మే నెలల జాబులను దాని ప్రక్కన జేర్చుట యావశ్యకము. ఎమిలీ 1848 ఆగస్టులో ఆమ్హర్‌స్టునకు మరలెను. మరల ఆ విద్యాలయమున చేరలేదు.